ఒక ప్రేమ నవల, రెండు రకాల పాఠకులు: రీజెన్సీ లండన్ నుంచి మన చికాకోల్ దాకా

ఈ ఎపిసోడ్ మా ఇంట్లో జరిగిన ఒక గొడవతో మొదలైంది. చిన్న గొడవే. కానీ దాని వెనకాల వెతుక్కుంటూ పోతే రెండొందల ఏళ్ళ చరిత్ర తగిలింది. అందులో మన శ్రీకాకుళం కూడా తగిలింది. అందుకే ఈరోజు మీ ముందుకొచ్చాను.

మాది వజ్రపుకొత్తూరు వైపు. మా పెదనాన్న కూతురు, అంటే నాకు అప్ప, పలాసలో ఒక ప్రైవేటు స్కూల్లో ఇంగ్లీష్ చెప్తాది. మొన్న పండక్కి ఇంటికెళ్తే, రాత్రి అందరూ పడుకున్నాక ఫోన్‌లో ఏదో చదువుతోంది. "ఏటప్పా అది?" అంటే స్క్రీన్ తిప్పి చూపించింది. జూలియా క్విన్ రాసిన 'ది వైకౌంట్ హూ లవ్డ్ మీ'. 2000లో వచ్చిన నవల. నెట్‌ఫ్లిక్స్‌లో 'బ్రిడ్జర్టన్' రెండో సీజన్ దీని ఆధారంగానే తీశారు. లండన్‌లో ఒక జమీందారు కొడుకు చెల్లెల్ని పెళ్ళి చేసుకుందామని వస్తాడు, అక్క అడ్డం పడుద్ది, చివరికి ఆ అక్కతోనే ప్రేమలో పడతాడు. ముందు పోట్లాట, తర్వాత ప్రేమ.

నేను కూడా ఆ పుస్తకం మొదలెట్టాను. సగంలో ఆపేశాను. ఇక నా బీటెక్ బుర్ర ఊరుకోదు కదా. "అప్పా, ఇది చరిత్ర కాదు, ఉత్త డెకరేషన్. గుర్రబ్బండి, డాన్సు, గౌను పెట్టేసి 1814 అంటే అయిపోద్దా? అప్పుడు యుద్ధం జరుగుతోంది, మిల్లుల్లో పిల్లలు పనిచేస్తున్నారు, ఇక్కడ మన దేశాన్ని కంపెనీ పీల్చేస్తోంది. ఇందులో ఏదీ లేదు" అని ఒక పావుగంట లెక్చర్ ఇచ్చాను.

అప్ప మొత్తం విని ఒకటే మాటంది. "ఒరే తమ్ముడూ, నువ్వు చెప్పే చరిత్రలో నాను ఎక్కడున్నాను? ఈ పుస్తకంలో కనీసం ఆడపిల్ల 'నాకు ఇష్టం లేదు' అంటే కథ అక్కడ ఆగుద్ది."

మా అప్పకి గత మూడేళ్ళుగా పెళ్ళిచూపులు నడుస్తున్నాయి. ఎన్ని ఎకరాల జీడితోట ఇస్తారు అనేది ముందు మాట్లాడతారు, అమ్మాయి ఏం చదువుతాది అనేది తర్వాత. నాకు సమాధానం రాలేదు. హైదరాబాద్ తిరిగి వచ్చాక కూడా ఆ మాట వదల్లేదు. ఒకే పుస్తకం ఒకరికి ఊపిరి, ఇంకొకరికి అబద్ధం ఎలా అవుతుంది? అదే ఈరోజు మన టాపిక్.

రీజెన్సీ అంటే అసలేంటి?

ముందు బేసిక్స్. ఇంగ్లండ్ రాజు మూడో జార్జ్‌కి మతి స్థిమితం తప్పింది. రాజ్యం నడపలేని స్థితి. దాంతో 1811 ఫిబ్రవరి 5న ఆయన కొడుకుని రాజప్రతినిధిగా, అంటే రీజెంట్‌గా పెట్టారు. 1820 జనవరి 29న ముసలి రాజు చనిపోయాడు, రీజెంట్ నాలుగో జార్జ్ అయ్యాడు. ఈ తొమ్మిదేళ్ళే రీజెన్సీ. నెపోలియన్ ఓడిపోయిన 1815 వాటర్లూ ఇందులోనే. మిల్లు మెషిన్లు తమ పొట్ట కొడుతున్నాయని కార్మికులు వాటిని పగలగొట్టిన లడ్డైట్ల అల్లర్లు ఇందులోనే. 1819లో మాంచెస్టర్‌లో ఓటు హక్కు అడిగిన జనం మీదకి గుర్రాలు తోలించిన పీటర్లూ కూడా ఇందులోనే.

మరి ప్రేమ నవలల్లో ఇవెందుకు కనపడవు? ఎందుకంటే మనం ఇప్పుడు రీజెన్సీ రొమాన్స్ అని పిలిచే నవల రీజెన్సీలో పుట్టలేదు. జార్జెట్ హేయర్ అనే రచయిత్రి 1935లో 'రీజెన్సీ బక్' రాసింది. అక్కడి నుంచి ఈ రకం ఊపందుకుంది. బట్టలు, బండ్లు, యాస, మర్యాదలు అన్నీ ఆవిడ పుస్తకాలు తిరగేసి నోట్స్ రాసుకుని పేర్చింది. తర్వాత వచ్చినవాళ్ళు చాలామంది ఆవిడ కట్టిన ఇంట్లోనే కాపురం పెట్టారు. అంటే మా అప్ప చదివింది 1814 కాదు. 1935లో ఒకరు ఊహించిన 1814ని 2000లో ఇంకొకరు మళ్ళీ ఊహించింది.

ఆ కాలంలోనే కూర్చుని రాసిన మనిషి జేన్ ఆస్టెన్. ఆవిడకి అది చరిత్ర కాదు, పక్కింటి సంగతి. మనం ఇవాళ అమీర్‌పేట హాస్టల్ కథ రాసుకున్నట్టు అన్నమాట.

రివ్యూలు రాసిపెట్టుకున్న రచయిత్రి

ఇక్కడ నాకు బాగా నచ్చిన విషయం చెప్తాను. పాఠకుల్లో రెండు రకాల అభిప్రాయాలు అనేది యాప్‌లో స్టార్ రేటింగులతో వచ్చింది కాదు. జేన్ ఆస్టెన్ తన రెండు నవలల మీద, 1814లో వచ్చిన 'మాన్స్‌ఫీల్డ్ పార్క్', 1815 చివర్లో వచ్చిన 'ఎమ్మా' మీద, ఇంట్లోవాళ్ళూ తెలిసినవాళ్ళూ ఏమన్నారో స్వయంగా రాసి దాచుకుంది. పొగడ్తలూ రాసింది, తిట్లూ రాసింది.

'మాన్స్‌ఫీల్డ్ పార్క్' హీరోయిన్ ఫానీ చప్పగా ఉందని ఆవిడ సొంత తల్లే అనేసింది. 'ఎమ్మా' మరీ సహజంగా ఉంది, అందుకే ఆసక్తిగా లేదని ఒకావిడ అంది. బాగోదని ఎవరో చెప్తే విని, మొదటి చాప్టరు, చివరి చాప్టరు మాత్రం చదివి వదిలేశాడు ఒకాయన. మనం వీడియో స్కిప్ చేసినట్టే! ఇంకొకాయనకి ఎంత నచ్చలేదంటే, ఆయన మాటలు ఆస్టెన్‌కి పంపడానికి ఆవిడ మేనకోడలికి మనసొప్పలేదు. మరోపక్క ఎడిన్‌బరోలో పేరుమోసిన విమర్శకుడు జెఫ్రీ దానివల్ల మూడు రాత్రులు నిద్ర మానేశాడట. అదే పుస్తకం.

ఇంకో సంగతి. 'ఎమ్మా'ని ఆస్టెన్ రీజెంట్‌కి అంకితం ఇచ్చింది. ఆయనంటే ఆవిడకి పడదు, కానీ ఆయన లైబ్రేరియన్ క్లార్క్ అంకితం ఇవ్వొచ్చు అని చెప్పాక కాదనలేని పరిస్థితి. అదే క్లార్క్ 1816లో ఒక సలహా ఇచ్చాడు. రీజెంట్ కూతురు కోబర్గ్ వంశంలోని రాకుమారుణ్ణి పెళ్ళాడబోతోంది కాబట్టి, ఆ వంశం మీద ఒక చారిత్రక ప్రేమకథ రాయమన్నాడు. డబ్బూ పేరూ రెండూ వచ్చే ఆఫర్. ఆస్టెన్ మర్యాదగానే కాదంది. ప్రాణం మీదకొస్తే తప్ప సీరియస్‌గా అలాంటి రొమాన్స్ రాయలేనని, నవ్వకుండా రాయమంటే మొదటి చాప్టరు పూర్తవకముందే ఉరేసుకోవాల్సొస్తుందన్నట్టు జవాబిచ్చింది.

ఒక్కసారి ఆలోచించండి. ఇవాళ వేలకొద్దీ రీజెన్సీ చారిత్రక ప్రేమ నవలల అట్టల మీద ఆస్టెన్ పేరు చెప్పి అమ్ముతున్నారు. ఆవిడేమో చారిత్రక ప్రేమ నవల రాయమని అడిగితే వద్దని చెప్పిన మనిషి.

'అప్ప' అంటే ఎవరు?

సరే, మళ్ళీ 'బ్రిడ్జర్టన్'కి వద్దాం. పుస్తకంలో హీరోయిన్ పేరు కేట్ షెఫీల్డ్, ఇంగ్లీషమ్మాయి. 2022 మార్చిలో వచ్చిన సీజన్‌లో ఆ అమ్మాయిని కేట్ శర్మ చేశారు, ఇండియా నుంచి వచ్చినట్టు చూపించారు. చాలామంది మన అమ్మాయిలు ఏడ్చేశారు, ఆనందంతో. తలకి నూనె రాసే సీను, పసుపు రాసే సీను, నల్లటి చర్మం ఉన్న హీరోయిన్. ఇన్నాళ్ళూ ఆ గౌనుల్లో మనలాంటివాళ్ళు ఎప్పుడు కనపడ్డారు?

ఇంకొందరికి కోపమొచ్చింది. ఆ అమ్మాయి నాన్నని 'అప్పా' అంటుంది, చెల్లి అక్కని 'దీదీ' అంటుంది, అక్క చెల్లిని 'బోన్' అంటుంది. ఒకటి దక్షిణాది మాట, ఒకటి హిందీ, ఒకటి బెంగాలీ. పేరేమో శర్మ. ఏ ఊరమ్మా మీది?

ఇది మా అప్పకి చూపిస్తే పొట్ట పట్టుకుని నవ్వింది. మన ఉత్తరాంధ్రలో అప్ప అంటే అక్క కదా! అక్కడ తండ్రిని పిలుస్తుంటే మా ఇంట్లో తనని పిలిచినట్టుంది.

నవ్వులాట పక్కన పెడితే పాయింట్ ఉంది. కేట్ శర్మని ఇష్టపడినవాళ్ళదీ నిజమే, కోప్పడినవాళ్ళదీ నిజమే. మొదటివాళ్ళు అడిగేది: ఈ కథలో నాకు చోటుందా? రెండోవాళ్ళు అడిగేది: చోటిచ్చినప్పుడు నేనెవరో తెలుసుకుని ఇచ్చావా, లేక ఖాళీ కుర్చీలో ఎవరో ఒకర్ని కూర్చోబెట్టావా? ఈ రెండు ప్రశ్నలు గుర్తుపెట్టుకోండి, చివరిదాకా పనికొస్తాయి.

అదే టైంలో మన దగ్గర ఏం జరుగుతోంది?

లండన్‌లో డాన్సులు నడుస్తున్న ఆ తొమ్మిదేళ్ళలో మన తీరం ఎలా ఉంది? అప్పట్లో మన పలాస, టెక్కలి, మందస అన్నీ మద్రాసు ప్రెసిడెన్సీలో గంజాం జిల్లా కింద ఉండేవి. 1936లో ఒడిశా రాష్ట్రం ఏర్పడ్డాక పర్లాకిమిడి అటు పోయింది, మనం విశాఖ జిల్లాలో కలిశాం. శ్రీకాకుళం జిల్లా వచ్చింది 1950 ఆగస్టు 15న. ఉత్తర సర్కార్లు 1760ల్లోనే కంపెనీ చేతికెళ్ళాయి. 1802 తర్వాత జమీందారులు కంపెనీకి కట్టాల్సిన పన్ను శాశ్వతంగా ఇంత అని కట్టేశారు. 1816లో, అంటే ఆస్టెన్ క్లార్క్‌కి ఆ ఉత్తరం రాసిన ఏడాదే, పిండారీ దోపిడీ దండులు గంజాం జిల్లాలోకి, కిమిడి వైపుకి చొరబడి ఊళ్ళు దోచుకున్నాయి.

ఇప్పుడు అసలు లింకు చెప్తాను. రీజెన్సీ హీరోయిన్ ఏం వేసుకుంటుంది? ఛాతీ కిందనే ముడి, అక్కడి నుంచి నేరుగా కిందికి జారే తెల్లటి పల్చని గౌను. ఆ బట్ట పేరు మస్లిన్. ఆ ఫ్యాషన్‌కి పునాది వేసిందే ఇండియా నుంచి వెళ్ళిన మస్లిన్. ఆస్టెన్ 'నార్తాంగర్ ఆబీ'లో హెన్రీ టిల్నీ అనే కుర్రాడు చెల్లెలి గౌను కోసం గజం ఐదు షిల్లింగులకి అసలైన ఇండియా మస్లిన్ కొన్నానని గొప్పలు పోతాడు. బట్టల బేరం తెలిసిన మగాడని ఆడవాళ్ళు మురిసిపోతారు.

ఆ మస్లిన్ ఏ ఊరిదో ఆస్టెన్ రాయలేదు. కానీ ఇండియాలో మస్లిన్‌కి పేరున్న ఊళ్ళ లిస్టులో ఢాకా, ఆరణి పక్కన ఇంకో పేరుండేది. చికాకోల్. ఇంగ్లీషువాళ్ళ నోట్లో నలిగిన మన శ్రీకాకుళం! నాకు ఇది మొదటిసారి చదివినప్పుడు ఒళ్ళు జలదరించింది. స్కూల్లో ఎవరూ చెప్పలేదు.

ఇంతకీ ఆ నేతగాళ్ళకి ఏమైంది? రీజెన్సీ నాటికే లాంకషైర్, స్కాట్లండ్ మిల్లుల్లో నకలు మస్లిన్ తయారవుతోంది. మన బట్ట ఇంగ్లండ్‌లోకి వెళ్ళాలంటే దిగుమతి సుంకం బాదేవాళ్ళు. 1813లో ఇండియా వ్యాపారం మీద కంపెనీ గుత్తాధిపత్యం పోయింది, టీ, చైనా వ్యాపారం తప్ప. దాంతో మిల్లు బట్ట ఇటు రావడానికి గేట్లు తెరుచుకున్నాయి. 'ప్రైడ్ అండ్ ప్రెజుడిస్' అచ్చయింది కూడా 1813లోనే. ఒకే ఏడాది అక్కడ ప్రపంచానికి ఇష్టమైన ప్రేమకథ వచ్చింది, ఇక్కడ మగ్గానికి గడ్డుకాలం మొదలైంది. తర్వాత్తర్వాత మాంచెస్టర్ బట్ట ముందు చికాకోల్ మస్లిన్ నిలబడలేకపోయింది.

పూర్తిగా చచ్చిపోలేదు మాత్రం. పొందూరు వెళ్ళండి. కొండపత్తిని ఇప్పటికీ వాలుగ చేప దవడ ఎముకతో దువ్వి శుభ్రం చేస్తారు. ఆ చిన్న చిన్న పళ్ళే దువ్వెన. తర్వాత చేత్తో వడికి సన్నటి నూలు తీస్తారు. గాంధీ గారు ఆ బట్ట చూసి, ఎలా చేస్తున్నారో కనుక్కు రమ్మని కొడుకు దేవదాస్‌ని పొందూరు పంపించారు. అంటే రీజెన్సీ గౌనుకి చుట్టం లాంటి బట్ట మన జిల్లాలో ఇంకా బతికుంది.

ఇప్పుడు చెప్పండి, నేను మా అప్పతో "ఇందులో చరిత్ర లేదు" అన్నాను కదా. అది సగమే కరెక్టు. చరిత్ర ఉంది, హీరోయిన్ ఒంటి మీదే ఉంది. దాన్ని నేసినవాళ్ళ పేరు లేదు.

మన దగ్గరి కేసు: గోన గన్నారెడ్డి

మరి తెలుగులో ఇలాంటి నవల, ఇలాంటి గొడవ లేదా? ఉంది. బ్రహ్మాండమైనది ఉంది. అడివి బాపిరాజు గారి 'గోన గన్నారెడ్డి'.

దానికి ముందు చిన్న వంశవృక్షం. రీజెన్సీ మధ్యలో, 1814లో, వాల్టర్ స్కాట్ పేరు పెట్టకుండా 'వేవర్లీ' అచ్చేశాడు. యూరప్‌లో చారిత్రక నవలకి ఊపు తెచ్చింది అదే. ఆ గాలి బెంగాల్‌లో బంకిం చంద్రుడికి తగిలింది, మనకీ తగిలింది. చిలకమర్తి లక్ష్మీనరసింహం గారు 1896లో చిత్తూరు గఢం నేపథ్యంగా 'హేమలత' రాశారు. ఆయన్ని ఆంధ్రా స్కాట్ అనే పిలిచేవారు. అంటే మన చారిత్రక నవల కూడా ఒక రకంగా రీజెన్సీకి మనవరాలే!

బాపిరాజు గారు 1895లో పుట్టి 1952లో పోయారు. చిత్రకారుడు కూడా. 1940ల్లో ఆయన కాకతీయుల కాలం తీసుకుని ఈ నవల రాశారు. పెళ్ళి జరుగుతుండగా పెళ్ళికొడుకుని ఎత్తుకుపోయే గజదొంగ. వాడే గన్నారెడ్డి. ఆ పెళ్ళికూతురు అన్నాంబిక, ఆదవోని రాకుమారి. దొంగలా కనిపించే గన్నారెడ్డి లోపల రుద్రమదేవి మనిషి. మగవేషాలు, కత్తియుద్ధాలు, రహస్య ప్రేమలు, పక్కనే రుద్రమకీ చాళుక్య వీరభద్రుడికీ ప్రేమ. 2015లో గుణశేఖర్ 'రుద్రమదేవి' తీశాక, అల్లు అర్జున్ చేశాక గన్నారెడ్డి పేరు తెలియని కుర్రాడు లేడు.

చదివినవాళ్ళు ఇక్కడా రెండు జట్లు. ఇష్టపడేవాళ్ళు ఏమంటారు? కథానాయిక గదిలో కూర్చుని ఏడవదు, గుర్రమెక్కుద్ది. రాజ్యమేలేది ఆడమనిషి, ఆమెకి ప్రేమించే హక్కూ ఉంది. బొమ్మలేసే మనిషి కాబట్టి నగ, చీర, కోట, నది అన్నీ కళ్ళ ముందు కడతాయి. ఇష్టపడనివాళ్ళు ఏమంటారు? అదే వర్ణన పేజీలు పేజీలు సాగుద్ది. మంచివాళ్ళందరూ అందగాళ్ళే, వేషం మార్చినవాణ్ణి పక్కనున్నవాడు గుర్తుపట్టడు. పదమూడో శతాబ్దపు వీరులు 1940ల తెలుగువాళ్ళలా తెలుగు జాతి ఐక్యత గురించి ఆలోచిస్తారు. ఈ చివరిది నాకూ అనిపించింది.

మరి శాసనాలు ఏమంటున్నాయి? గన్నారెడ్డి నిజంగా ఉన్నాడు. రాయచూరు కోట గోడలో సుమారు 41 అడుగుల పొడవున్న ఒకే రాయి ఉంది. దాని మీద 1294 నాటి శాసనం. గోన గన్నయ రెడ్డి మనిషి విఠలనాథుడు ఆదవోని, తుంబళం లాంటి కోటలు గెలిచి ఆ కోట కట్టించాడని అందులో ఉంది. అంత పెద్ద రాయిని బండి మీద లాక్కొచ్చిన బొమ్మ కూడా అక్కడే చెక్కారు. అది రుద్రమ తర్వాత, ఆమె మనవడు ప్రతాపరుద్రుడి కాలం. పెళ్ళికొడుకుని ఎత్తుకెళ్ళడం మాత్రం బాపిరాజు గారి ఊహే. అయితే శాసనంలో ఆదవోని కోట ఉంది, నవలలో హీరోయిన్‌ది ఆదవోని. గెలిచిన కోటని ప్రేమించిన అమ్మాయిగా మార్చారా అని నాకు అనిపిస్తుంది. ఇది నా ఊహ, ప్రూఫ్ లేదు.

ఇక్కడ ఇంకో మలుపు. చరిత్ర మాత్రం ఎప్పుడూ కరెక్టేనా? ఆ రోజుల్లో మన తీరానికి వచ్చిన మార్కో పోలో, మోటుపల్లి రాజ్యాన్ని ఏలే రాణి గురించి గొప్పగా రాశాడు. న్యాయంగా పాలిస్తోందన్నాడు. కానీ ఆమె చనిపోయిన రాజుకి భార్య అనుకున్నాడు. రుద్రమ గణపతిదేవుడి భార్య కాదు, కూతురు. ఒక ఆడమనిషి కూతురి హోదాలో సింహాసనం ఎక్కిందంటే ఊహకి అందలేదు, అంతే. మన పాత చరిత్ర పుస్తకాల్లో రుద్రమ 1295 ప్రాంతం దాకా పాలించిందని ఉండేది. నల్లగొండ వైపు చందుపట్ల శాసనం వెలుగులోకి వచ్చాక, 1289 నవంబరు నాటికే ఆమె చనిపోయిందని తేలింది. కాయస్థ అంబదేవుడితో యుద్ధంలోనే పోయి ఉంటుందని చరిత్రకారులు అంటున్నారు. అంటే చరిత్ర కూడా అప్‌డేట్ అవుద్ది. తేడా ఏటంటే, చరిత్రకారుడు తప్పు తేలితే దిద్దుకోవాలి. నవలా రచయితకి ఆ రూల్ లేదు.

అన్నట్టు మార్కో పోలో ఆ రాణి గారి రాజ్యంలో ఇంకోటి కూడా మెచ్చుకున్నాడు. సాలెగూడంత సన్నగా ఉండే బట్ట! మళ్ళీ బట్టే. రాణుల గురించి రాసిన ప్రతిచోటా ఆ బట్ట కనపడుద్ది, నేసిన చేతులు కనపడవు.

మరి ఎవరు కరెక్టు?

నా వాదన నేనే కాస్త దిద్దుకుంటాను. రీజెన్సీ రొమాన్స్‌లో నాకు ఇబ్బంది అనిపించేది తేదీల తప్పు కాదు. అది దాచిపెట్టేది. అప్పటి ఇంగ్లండ్ చట్టంలో పెళ్ళయ్యాక భార్య ఆస్తి, సంపాదన భర్త చేతికి వెళ్ళేవి. 1870, 1882 చట్టాలతో గానీ అది మారలేదు. అంటే నవల చివర్లో పెళ్ళి గంట మోగే క్షణమే ఆ అమ్మాయి తన పేరున ఉన్నది పోగొట్టుకునే క్షణం. డ్యూకుల ఎస్టేట్లలో కొన్నిటికి డబ్బు కరీబియన్ చెరకు తోటల నుంచి వచ్చేది. అక్కడ బానిసలు. బానిసల వ్యాపారం 1807లో ఆపారు గానీ బానిసత్వాన్ని రద్దు చేసే చట్టం 1833లో వచ్చింది. ఆస్టెన్ 'మాన్స్‌ఫీల్డ్ పార్క్'లో ఆ పెద్దింటి యజమానికి ఆంటిగ్వాలో ఆస్తి ఉందని కనీసం చెప్పింది. ఇప్పటి నవలలు చాలావరకు అదీ చెప్పవు.

కానీ మా అప్ప మాట కూడా కొట్టిపారేయలేను. రాజుల తేదీలు, యుద్ధాల లెక్కలు ఉన్న చరిత్రలో ఆమెకి చోటు లేదు. ప్రేమ నవల ఆమెని మధ్యలో కూర్చోబెట్టి, నీకేం కావాలి అని అడుగుతుంది. కట్నం లెక్కల మధ్య ఉన్న మనిషికి ఆ ప్రశ్న చిన్నది కాదు. ఆస్టెన్ నవలల్లో ఆడపిల్లలకి ఎన్ని వేల పౌన్లు వస్తాయో పెళ్ళికి ముందే ఊరంతా మాట్లాడుకుంటారు. మన దగ్గర జీడితోట ఎకరాలు. మా అప్ప ఆ పుస్తకంలో చూసింది లండన్ కాదు, మా ఇంటి పెళ్ళిచూపులే, కాకపోతే చివర మారింది.

కాబట్టి నాకు అర్థమైంది ఇది. ఇష్టపడినవాళ్ళని "నీకు చరిత్ర తెలీదు" అనకూడదు. ఇష్టపడనివాళ్ళని "నీకు మనసు లేదు" అనకూడదు. నవల చదవండి, హాయిగా చదవండి. తర్వాత ఒక్క ప్రశ్న వేసుకోండి: ఈ గౌను ఎవరు నేశారు? ఆ ప్రశ్నతో కథ పాడైపోదు, ఇంకా పెద్దదవుతుంది.

ఇంకోటి, ఇది మన ఉద్దానం పిల్లలకి ప్రత్యేకంగా. మన ఊరి పేరు బయట ఎప్పుడు వినపడుద్ది? 2018 అక్టోబర్‌లో తిత్లీ తుఫాను వచ్చి కొబ్బరి, జీడి చెట్లు పడిపోయినప్పుడు వినపడింది. కిడ్నీ జబ్బు గురించి రాసినప్పుడు వినపడుద్ది. 'పలాస 1978' సినిమా వచ్చినప్పుడు మన మాట తెర మీద విని గర్వపడ్డాం, అందులో ఉన్నదీ మన గాయమే. అవన్నీ చెప్పాల్సినవే, కాదనను. కానీ ఇక్కడ మనుషులు ప్రేమించుకున్నారు కూడా. కళింగపట్నం, బారువ రేవులకి ఓడలొచ్చేవి. చికాకోల్‌లో మస్లిన్ నేసేవాళ్ళు. ఆ మగ్గం దగ్గర ఒక అబ్బాయి, ఒక అమ్మాయి, 1814. ఈ కథ ఎవరూ రాయలేదు ఎందుకు? లండన్ 1814 గురించి మనకి తెలిసినంత, శ్రీకాకుళం 1814 గురించి మనకి ఎందుకు తెలీదు?

శ్రీకాకుళంలో కథానిలయం ఉంది. కాళీపట్నం రామారావు మాస్టారు 1997లో తెలుగు కథల కోసం కట్టించిన లైబ్రరీ. జిల్లాలో ఉండి కూడా అటు వెళ్ళనివాళ్ళు మనలో ఎంతమంది? ముందు నేనే. ఇంటర్ అంతా శ్రీకాకుళంలో చదివి కూడా ఒక్కసారి గడప తొక్కలేదు. ఈసారి వెళ్తాను, అప్పని కూడా తీసుకెళ్తాను.

ఎపిసోడ్ రికార్డు చేసేముందు స్క్రిప్ట్ అప్పకి పంపించాను. చదివి రాత్రి ఫోన్ చేసింది. "బాగుంది గానీ, నీకు పుస్తకం సగమే తెలుసు కదా, మిగతాది చదివి మాట్లాడు" అంది. కరెక్టే. మొదటి చాప్టరు, చివరి చాప్టరు చదివి వదిలేసిన ఆ పెద్దమనిషికీ నాకూ తేడా ఏముంది? కాబట్టి మళ్ళీ మొదలెట్టాను. ఇప్పుడు తేనెటీగ కుట్టే సీను దగ్గరున్నాను. నిజం చెప్పాలంటే బాగుంది.

మీ ఇంట్లో అమ్మమ్మనో నానమ్మనో ఒక్క మాట అడగండి. మీ పెళ్ళికి ఏ చీర కట్టుకున్నావు, ఎవరు నేశారు, నీకు ఇష్టమయ్యే చేశారా అని. వాళ్ళు చెప్పింది మీ ఫోన్‌లో రికార్డు చేసి దాచుకోండి. మన వైపు చరిత్ర అలగే మొదలవుద్ది. మళ్ళీ ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను.